అంచు మాడిన కారం దోశ

పోయిన నెల ఒక పొద్దున మా బావ ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. మా మేనత్త నిద్రలోనే పోయింది. నేను అదే కాలనీలో రెండు వీధుల అవతల ఉంటాను. పరుగున వెళ్లేసరికి గేటు బయట దోశల బండి నడిపే ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. "నిన్న సాయంత్రం కూడా ఆయమ్మ నా కాడికి వచ్చి తిని పోయింది మా. బాగా కాల్చినావు మే అని సెప్పింది" అని ఆ మాటే మళ్లీ మళ్లీ అంటోంది.

లోపల వేరే మాటలు నడుస్తున్నాయి. ఎంత ఓర్పు, ఎంత సర్దుకుపోయే మనిషి, నోట్లో నాలుక లేని మనిషి అని చుట్టాలందరూ వరసపెట్టి చెబుతున్నారు. నాకు ఒళ్లు మండింది. వాళ్లు చెప్పే ఆ మనిషిని నేనూ ఎరుగుదును. కానీ ఆ నోరులేని మనిషి కొన్నేళ్ల కిందటే ఆ ఇంట్లోంచి వెళ్లిపోయింది. చివరి రోజుల్లో అక్కడ ఉన్న అత్త గురించి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతున్నాను.

మామ పాకాలలో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక తిరుపతి ఊరి చివర, బైపాసు దాటాక ఇల్లు కట్టించాడు. చెడ్డవాడు కాదు. కడుపులో మంట ఉండేది, కారం పడేది కాదు. అందుకని ఇంట్లో ఎవరికీ కారం లేదు. చప్పటి పప్పు, మినప్పిండితో మెత్తటి ఉద్దివడ, వారానికోసారి పాయసం. బయటి తిండి గడప దాటి లోపలికి రాకూడదు. అత్త అందరికీ వడ్డించి, "బాగుండాదా?" అని ఒక్కొక్కరినీ అడిగి, ఆఖర్న మిగిలింది తినేది. "నీకెట్లా ఉండాది?" అని ఆమెను అడిగినవాళ్లను నేను చూడలేదు.

మామ పోయాక అత్త ఏడాదంతా గడప దాటలేదు. సంవత్సరీకం అయిపోయిన కొద్ది రోజులకే మా ఇంటికి వచ్చి, "పాపా, చెప్పులేసుకో. దోశ తినొద్దాం" అంది. నేను బిత్తరపోయి "ఏ దోశ ఇష్టం అత్తా నీకు?" అన్నాను.

"నాకేం ఇష్టమో నాకే తెలీదు. తిని సూస్తే గదా తెలిసేది."

అప్పటికి మా కాలనీ మారిపోయింది. ఖాళీ స్థలాల్లో హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి వెనకే బండ్లు వచ్చాయి. సాయంత్రమైతే మెయిన్ రోడ్డు పొడుగునా సంగటి, ఊరిబిండి, పొంగణాలు, పరోటా, మిరపకాయ బజ్జీ. అంతకు ముందు నేను ఆ దారినే రోజూ స్కూటీ మీద వెళ్లేదాన్ని, దేన్నీ పట్టించుకోలేదు. అత్త మాత్రం ఒక కొస నుంచి మొదలుపెట్టింది. ఏ బండినీ వదలలేదు. నీళ్లకు తన స్టీలు గ్లాసు తానే తెచ్చుకునేది. తిన్నాక "పర్వాలేదు" అనే మాట ఆమె నోట వినలేదు. బాగుంటే బాగుంది, లేకుంటే లేదు.

ఒక వీధిలో ఒక ముస్లిం కుటుంబం శుక్రవారాల్లో ఇంటి వరండాలోనే కుష్కా, అంటే ముక్కల్లేని బిర్యానీ అన్నం, అమ్ముతారు. ఆ ఇంటావిడ కుర్చీ వేసి, ప్లేటు ఇచ్చి, పక్కనే నిలబడి "ఎట్లుండాది మా?" అంది. అత్త నిదానంగా నమిలి "ఉప్పు తక్కువ. వచ్చే వారం మళ్లీ వస్తా" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం పడీపడీ నవ్వింది. తర్వాతి శుక్రవారం ఆ కుర్చీ అత్త కోసం ముందే వేసి ఉంది.

పరోటా అంగడిలో మరీ గొడవ. అక్కడ బెంచీల మీద అందరూ మగవాళ్లే. అత్త నేరుగా వెళ్లి, మధ్యలో కూర్చున్నతనితో "రవ్వంత జరగబ్బా" అంది. అతను జరిగాడు. అంగడాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పార్సిలు కట్టిస్తా పెద్దమ్మా, ఇంటికి ఎత్తకపో" అన్నాడు.

"ఇంట్లో తినాలంటే నేనే వండుకుంటా గదప్పా. నేనీడ కూసునేదానికి వచ్చినా."

ఆయన ఆకు వేశాడు. బెంచీ మీద ఉన్నవాళ్లు కాసేపు తలలు దించుకుని తిన్నారు, తర్వాత మర్చిపోయారు. సాల్నా పులుసులో మునిగిన పరోటాను ఆమె వేళ్లతో తుంచి తుంచి, తొందర లేకుండా తినింది. నేను పక్కన నిలబడి, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని రోడ్డు వైపు చూస్తున్నాను. "నువ్వు దొంగతనానికి వచ్చినావా ఏంది, కూసో" అంది. కూర్చున్నాను.

దోశల బండి నడిపే ఆమెది పుత్తూరు. ఎర్రకారం రుబ్బి పూసి, పైన పప్పులపొడి చల్లి కాల్చి ఇస్తుంది. మొదటి రోజు అత్త ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ముక్కు కారింది, కళ్లు నీళ్లతో నిండాయి. నేను కంగారుగా నీళ్ల గ్లాసు అందిస్తే చేత్తో పక్కకు తోసింది. "ఇదే పాపా" అంది. "ఇదే నాకిష్టం." తర్వాత అంచు నల్లబడేదాకా కాల్చిన దోశ అడిగి, మాడిన ఆ అంచునే ముందు తినింది. అరవై దాటాక ఒక మనిషి తనకేం ఇష్టమో కనుక్కోవడం నేను కళ్లారా చూశాను. ఆ సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

బావకు ఇది నచ్చలేదు. ఒకరోజు నా ముందరే అడిగేశాడు. "నువ్వు బండి కాడ నిలబడి తింటా ఉంటే నలుగురూ ఏమనుకుంటారుమా? కొడుకు కూడు పెట్టలేదనుకోరా?"

"అనుకోనీలే. నువ్వు పెట్టినావని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంగెవరికి తెలియాల?" అని, చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అంది. "ఇన్నేళ్లూ బాగుండాదా అని అడిగినాను. ఇప్పుడు సెప్పే వంతు నాది."

బావ ఆ తర్వాత అడ్డం చెప్పలేదు. కానీ ఆ రోడ్డు మీద అమ్మ కనిపిస్తే తల తిప్పుకుని వెళ్లేవాడు.

ఇప్పుడు పెద్దదినం సంగతి. కర్మల ఆఖరున వచ్చే ఆ రోజున, పోయినవాళ్ల ఫోటో ముందు ఆకు వేసి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డించాలి. ముందు రోజు వంటాయన వచ్చి ఏమేం చేయమంటారని అడిగాడు. "అమ్మకి ఇష్టమైనవన్నీ" అని బావ మొదలుపెట్టాడు. పప్పు, ఉద్దివడ, పాయసం. చుట్టాలు తలలూపారు. నేను ఆగలేకపోయాను. "అవన్నీ మామకు ఇష్టం బావా" అన్నాను.

అందరూ నన్ను చూశారు. బావ మెల్లగా "అయితే అమ్మకేం ఇష్టం?" అన్నాడు.

చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "బండి మీది దోశ పెద్దదినం నాడు ఆకులో పెడతామా? సుట్టాలేమనుకుంటారు?"

"అనుకోనీలే" అన్నాను. అత్త మాట అత్త ఇంట్లోనే అన్నాను. రేపు ఆ ఆకులో మామ భోజనమే పెడితే, ఆమె మళ్లీ మిగిలింది తినే మనిషే అవుతుంది. నేను చావనైనా చస్తాను గానీ అది జరగనివ్వను అనుకున్నాను. బావ లేచి లోపలికి వెళ్లిపోయాడు.

నేను బండి దగ్గరకు వెళ్లి రేపటికి ఒక దోశ పార్సిలు కావాలన్నాను. ఆమె అట్లకాడ కింద పెట్టింది. "పార్సిలు కట్టను మా. సల్లారిన దోశ ఆయమ్మ ముట్టేది కాదు. నేనే వస్తా."

వచ్చింది. మరుసటి రోజు ఆమె, ఆమె మొగుడు బండిని తోసుకుంటూ మెయిన్ రోడ్డు నుంచి మా అత్త ఇంటి దాకా వచ్చారు. షామియానా కింద ఉన్నవాళ్లు లేచి చూశారు. గేటు ఒక రెక్కే తెరిచి ఉంది, బండి పట్టలేదు. మెట్ల మీద నిలబడిన బావ చాలాసేపు ఆ బండిని చూశాడు. ఆయన తల తిప్పుకుంటాడనుకున్నాను. దిగి వచ్చి, రెండో రెక్క గడియ తీశాడు.

పెనం వేడెక్కింది. ఎర్రకారం తగలగానే ఘాటు లేచి ఇల్లంతా కమ్ముకుంది. చుట్టాలు దగ్గుతూ కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. బావకూ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. బండి ఆమె దోశ అంచు లేపి, ఎప్పుడూ అత్తను అడిగినట్టే "తీసేద్దామా?" అని ఆయన్ను అడిగింది. బావ నావైపు చూశాడు. నేను వద్దని తల అడ్డంగా ఊపాను.

"ఇంగ రవ్వంత కాలనియ్యి మా" అన్నాడు బావ.

అంచు నల్లబడిన ఆ దోశను తనే చేతుల్లో పట్టుకుని లోపలికి నడిచాడు. ఫోటో ముందు ఆకు నిండా పప్పూ వడలూ ఉన్నాయి. దోశకు చోటు లేదు. బావ మోకాళ్ల మీద కూర్చుని, పాయసం గిన్నెను పక్కకు జరిపాడు.