ఎరుపు వంతు

పాత కంప్యూటర్ ఆట నెట్‌లో మళ్ళీ దొరికిన రోజు నుంచి నాకు కుదురు లేదు. షోళింగనల్లూరులోని మా ఫ్లాట్‌లో భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరుస్తాను, మూస్తాను. బాల్కనీలోకి వెళ్ళి కింద ఆఫీసు క్యాబులు మలుపు తిరగడం చూసి మళ్ళీ లోపలికి వస్తాను. మా ఆవిడ కొన్నాళ్ళు చూసి, "ఎవరిదైనా ఫోన్ రావాలా?" అని అడిగింది. ఫోన్ కాదు, అక్క దగ్గర నుంచి ఫైలు రావాలి. తను తన వంతు ఆడి మెయిల్‌లో పంపితే గానీ నా వంతు రాదు.

ఆ ఆట మొదలైనప్పుడు తెర అంతా నల్లగా ఉంటుంది. మధ్యలో చిన్న పచ్చటి ముక్క, దాని మీద ఒక బండి. బండి ఎక్కడ ఆపితే అక్కడ ఊరు వెలుస్తుంది. ఊరి చుట్టూ పొలాలు, పొలాలకు దారులు, ఆ తర్వాత సైనికులు. ఒక్కో అడుగు వేస్తే ఒక్కో గడి నలుపు తొలగుతుంది. బొమ్మలు ఎంత మోటుగా ఉండేవంటే, ఇది గుర్రమని ఎవరైనా చెబితే తప్ప గుర్రమని తెలిసేది కాదు. నా వంతు ఎంతసేపైనా తీసుకోవచ్చు. 'అయిపోయింది' అని నేను నొక్కేదాకా లోకమంతా ఆగి ఉంటుంది. చిన్నప్పుడు నన్ను పట్టుకున్నది అదేననుకుంటాను. నా కోసం ఆగేది ఇంకేదీ ఉండేది కాదు.

అప్పుడు మేం తొండియార్‌పేటలో ఉండేవాళ్ళం. నాన్నకు హార్బర్‌లో పని. అక్క కంప్యూటర్ క్లాసులో చేరిందని, రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొనిపించి ఒక కంప్యూటర్ కట్టించాడు. దాని మీద అమ్మ పాత చీర ముక్క కప్పి ఉండేది. ఆట అక్క క్లాసు నుంచి ఫ్లాపీలో వచ్చింది. ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ఆడొచ్చు, వంతుల వారీగా. అక్కది ఎరుపు, నాది నీలం. ఒకరు ఆడేటప్పుడు రెండోవాళ్ళు గదిలో ఉండకూడదు. అవతలివాళ్ళ దేశం చూడకూడదు కదా.

దానికి మా వీధి నీళ్ళ లారీ బాగా కలిసొచ్చింది. లారీ వస్తే, ఎవరి వంతు నడుస్తోందో వాళ్ళు కూర్చోవచ్చు, రెండోవాళ్ళు బిందెలు ఎత్తుకుని పరుగెత్తాలి. ఇంట్లో మేం పెట్టుకున్న చట్టం అది. లారీ మలుపులో హారన్ కొట్టే వేళ నాకు బాగా తెలుసు. ఆ వేళకు నా వంతు ఉండేలా చూసుకునేవాణ్ణి. ఒక్క గుర్రాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చుంటే అక్క బిందె మీద బిందె మోసుకొచ్చి పోసేది.

"ఇంకా అయ్యిందే లేదా నీది?"

"ఆలోచిస్తా ఉండానులే."

"ఇంత ఆలోచించి కూడా మళ్ళా ఓడిపోతావు చూడు."

ఓడిపోయేవాణ్ణి కూడా. అక్క ఎవరి మీదికీ వచ్చేది కాదు. దారులు వేసుకుంటూ, బావులు తవ్వుకుంటూ, ఊళ్ళకు తిండి పేర్లు పెట్టుకుంటూ పోయేది. పొంగల్, వడ, చింతపండు. నేను ఆవేశంగా వెళ్ళి గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చేవాణ్ణి. "వడ దొరకలేదా నాయనా, ఆకలేస్తా ఉందా?" అనేది.

అటువంటి అక్కకూ నాకూ మధ్య కొన్నేళ్ళుగా 'సరి', 'బాగుండాం' అన్న మాటలు తప్ప ఇంకేం లేవు. తప్పు నాదే. ఆమె కూతురు పెద్దమనిషి అయినప్పుడు, మేనమామ వచ్చి కొబ్బరాకులతో గుడిసె కట్టాలి. మా వాళ్ళలో ఆ ఆకు మేనమామే ముట్టుకోవాలి. ఆ రోజు ఆఫీసులో పని తెమల్లేదు. రాలేనని చెప్పి ఉంటే సరిపోయేది. అక్క ఫోన్ చేసినప్పుడల్లా, "దావలో ఉండా, వస్తా ఉండా" అన్నాను, సీట్లోంచి లేవకుండానే. మధ్యాహ్నం దాటాక పక్కింటాయన కట్టాడట. తర్వాత పట్టుచీర తీసుకుని వెళ్ళాను. అక్క అందుకుని బీరువాలో పెట్టి, కాఫీ ఇచ్చింది. అంతే.

ఆట దొరికిన శనివారం, ఆ నల్లటి తెరను ఫోటో తీసి ఆమెకు పంపాను. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. వెంటనే జవాబు వచ్చింది. "నాది ఎరుపు."

ఆ రెండు మాటలకు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అలా మొదలైంది. ఆటను ఆమెకూ పంపాను. నా వంతు ఆడి ఫైలు సేవ్ చేసి పంపుతాను. ఆమె వంట అయ్యాక ఆడి పంపుతుంది. మధ్యలో ఫోన్లు. ఫోన్‌లో గుర్రాల గురించే మాట్లాడుకునేవాళ్ళం, ఇంట్లోవాళ్ళ గురించి కాదు. అయినా గొంతు పాత అక్క గొంతే. ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం, ఒకరి మీదికి ఒకరు రాకూడదని, ముందు కంప్యూటర్ ఆడే పసుపు రంగు వాళ్ళను ఓడించాలని.

నా వంతు పూర్తికాగానే తెర మీద 'ఎరుపు సిద్ధమేనా?' అని వస్తుంది. నేను అక్కడ ఆపి, ఫైలు సేవ్ చేసి పంపాలి. ఆ ఒక్క మీట నొక్కితే అక్క దేశమంతా కనిపిస్తుంది. పొరపాటున నొక్కానని రాయబోయాను. పొరపాటు కాదు. ఫైలు ఆలస్యమైతే చాలు, అక్క నా మీదికి సైన్యం నడిపిస్తోందేమోనని ఆఫీసు మీటింగులో కూడా కాళ్ళు ఆడిస్తూ కూర్చునేవాణ్ణి. చూస్తే మనసు నిలకడపడుతుందనుకున్నాను.

ఆమె సైనికులందరూ అవతలి వైపు, పసుపు వాళ్ళకు ఎదురుగా ఉన్నారు. నా వైపు సరిహద్దులో ఒక్కడు లేడు. పొంగల్ అనే ఊరు, తలుపులు తీసిన ఇల్లులా ఉంది.

చూసి ఊరుకుని ఉంటే వేరే మాట. ఆ తర్వాత ప్రతి వంతూ చూశాను. చివరికి కొండల మధ్య, నా పటంలో ఇంకా నల్లగానే ఉన్న సందులోంచి గుర్రాల్ని పంపి పొంగల్‌ను పట్టుకున్నాను.

అక్క ఫోన్ చేసింది. నవ్వుతూనే ఉంది. "పొంగల్ తినేసినావు కదరా. ఒప్పందం అని చెప్పినావే?"

"చుమ్మా తమాషాకే, ఆటే కదక్కా."

"అది సరి. ఆ సందు నీకెట్ల తెలిసె? నువ్వు ఆడికి వచ్చిందే లేదే."

"ఊహించినా."

"తెలివి పెరిగింది నీకు," అంది.

ఆ మెచ్చుకోలు నన్ను కూర్చోనివ్వలేదు. కూరగాయలకని కిందికి దిగి, సంచి మర్చిపోయి పైకి వచ్చాను. మళ్ళీ దిగకుండా మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశాను. చెప్పేస్తే ఈ ఆట కూడా పోతుందని తెలుసు. పోతే మాకు మళ్ళీ 'సరి', 'బాగుండాం' మాత్రమే మిగులుతాయి. చెప్పకపోతే, ఆమె మాట్లాడుతున్నది నాతో కాదు, 'దావలో ఉండా' అన్నవాడితోనే.

చెప్పాను. ఆ మీట సంగతి, ప్రతి వంతూ చూసిన సంగతి.

అవతల కుక్కర్ కూత వేసింది. తర్వాత, "సరి. పొయ్యి మీద పప్పుంది," అని ఫోన్ పెట్టేసింది.

ఆ వారమంతా మెయిల్ తెరిచి మూశాను. చివరికి ఫైలు వచ్చింది, ఒక్క మాట లేకుండా. ఆత్రంగా నా వంతు ఆడాను. పొంగల్‌లోంచి నా గుర్రాలన్నింటినీ వెనక్కి తెచ్చుకున్నాను. అదే నా క్షమాపణ అనుకున్నాను. 'అయిపోయింది' నొక్కాను.

'ఎరుపు సిద్ధమేనా?' అని అడగలేదు. తెర ఒక్క క్షణం మెరిసి, మళ్ళీ నా వంతే వచ్చింది. ఇంకోసారి నొక్కాను. మళ్ళీ నా వంతే. అప్పుడు అర్థమైంది. ఆటలో ఏ రంగునైనా మనిషి ఆడాలా, కంప్యూటర్ ఆడాలా అని మార్చుకోవచ్చు. అక్క తన ఎరుపును కంప్యూటర్‌కు అప్పగించి వెళ్ళిపోయింది.

ఫోన్ చేశాను.

"అక్కా, ఎరుపు నువ్వు ఆడటం లేదు."

"ఊఁ. అది ఎప్పుడూ ఆడతానే ఉంటుంది. నువ్వు కాచుకోని కూర్చునే పని లేదు."

"నేను రానా?"

"నీ ఇష్టం. ఆ కంప్యూటర్ పెట్టె మాత్రం తేవద్దు."

ఆదివారం బస్సులు మారి వెళ్ళాను. నగరం ఒక చివర నుంచి రెండో చివరకు, దారంతా ఏం మాట్లాడాలో వెతుక్కుంటూనే ఉన్నాను. ఆట లేకపోతే నా దగ్గర ఆమెకు చెప్పడానికి ఏముంది? బావ కునుకు తీస్తున్నాడు. మేనకోడలు ట్యూషన్‌కు వెళ్ళింది. అక్క నేల మీద మునగాకు పోసుకుని కూర్చుని ఉంది. నేనూ కూర్చుని ఒక కొమ్మ అందుకున్నాను.

చాలాసేపు ఇద్దరం ఆకు దూశాం. నా చెయ్యి రెండుసార్లు ఫోన్ కోసం జేబు మీదికి వెళ్ళి వచ్చింది. అక్క చూసింది.

"ఎరుపు ఎట్లుంది?" అంది చివరికి, తలెత్తకుండా.

"నా మీదికి వస్తా ఉంది. మొన్న రెండు ఊళ్ళు పట్టుకునింది."

"పట్టుకోనీ," అంది. పెదవి కొంచెం కదిలిందేమో, నాకు సరిగ్గా కనబడలేదు.

"మళ్ళా నువ్వు తీసుకో అక్కా. నేను చూడను."

"కాడలు పడ్డాయి చూడు, ఏరెయ్యి."

ఏరేశాను. భోజనం చేశాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "వచ్చే ఆదివారం కూడా వస్తా," అన్నాను.

అక్క తలుపు పట్టుకుని నిలబడింది. "నువ్వు వస్తా అనేది నేను లెక్కలో పెట్టుకోనురా. వస్తే అన్నం ఉంటుంది."