మా క్వార్టర్‌బ్యాక్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టిన శనివారం

మూడో శనివారం కూడా మా ఆయన విసిరిన బంతి తిన్నగా వెళ్లి ఎదుటి జట్టువాడి ఒళ్లో పడింది. అతను దాన్ని పట్టుకోవడానికి చెయ్యి కూడా చాచలేదు. పాపం, కూర్చుని షూ లేసు కట్టుకుంటున్నాడు.

అమెరికాలో మా ఊరు నోవైలో ఇళ్ల వెనక ఒక బడి మైదానం ఉంది. ఎండలు తగ్గినప్పటి నుంచి మంచు పడేదాకా శనివారం పొద్దుటిపూట అక్కడ ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడతారు. టీవీలో చూపించే అమెరికా ఫుట్‌బాల్‌కి ఇది సాధువైన చెల్లెలు. ఒకర్నొకరు గుద్ది పడేయరు. నడుముకు వేలాడే గుడ్డపట్టీ లాగేస్తే చాలు, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఆగిపోవాలి. బంతిని ముందుగా అందుకుని, ఎవరికి విసరాలో క్షణంలో తేల్చుకుని విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. అతని చెయ్యి బాగుంటే జట్టు బాగుంటుంది. మా జట్టు బాగోలేదు.

జట్టంతా మా వీధి తెలుగువాళ్లే. మొదటి ఏడాది ఎవరు ఆడాలి, ఎవరు బయట కూర్చోవాలి అన్న దగ్గర మాటామాటా పెరిగి, రెండు ఇళ్లవాళ్లు దీపావళి భోజనాల్లో ఒకరి వంటకాలు ఒకరు ముట్టుకోలేదు. అప్పుడు మా పక్కింటి అక్క ఒక పద్ధతి పెట్టింది. ఆమెది వరంగల్. ఇక్కడ కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. ఏ వారం ఏ ఇల్లు టిఫిన్లు తెస్తుందో, ఆ వారం ఆ ఇల్లాలే మేనేజరు. ఎవరు ఎక్కడ ఆడాలో కాగితం మీద ఆమె రాసిందే రాత.

"తినవెట్టే చెయ్యితోని ఎవడు కొట్లాడ్తడు?" అన్నది అక్క సిద్ధాంతం.

నిజంగానే ఎవరూ కొట్లాడలేదు. కానీ తినబెట్టే చేతికి మొహమాటం కూడా ఉంటుందని అక్క అనుకోలేదు. ఇడ్లీలు తెచ్చినావిడ, పులిహోర తెచ్చినావిడ, సమోసాలు కొనుక్కొచ్చి ఇంట్లో చేశానన్నావిడ, ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్ దగ్గర మా ఆయన పేరే రాశారు. నాలుగో వారం మాది.

షూ లేసు ఆట అయిపోగానే కెప్టెన్ అన్నయ్య నా దగ్గరికి వచ్చాడు. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి మా ఆయన ఆయనకు బావ అయ్యాడు.

"చెల్లెమ్మా, వచ్చే వారం ఉప్మానా?"

"లేదన్నయ్యా. పునుగులు."

"పునుగులా! చాలా మంచి డెసిషన్. అలాంటిదే ఇంకో డెసిషన్ కూడా..." అని షూతో గడ్డి గీరాడు. "బావకి ఒక్క వారం రెస్ట్ ఇద్దామా?"

"మీరే చెప్పండి. కెప్టెన్ మీరు కదా."

"బావ కదమ్మా, ఫీలవుతాడు. నువ్వు చెప్తే అది ఇంటి విషయం."

అక్క మధ్యలోకి వచ్చింది. "ఇంటి విషయమేంది? ఏడుసార్లు బాల్ వాళ్లకే ఇచ్చిండు. అల్లుళ్లకు పండుగ బట్టలు పెట్టినట్టు పెడ్తున్నడు."

"మరి ఎవరు విసురుతారక్కా?"

"నేను లేనా?" అంది. అక్క విసరగలదని అందరికీ తెలుసు. చెత్తడబ్బా పక్కన నిలబడి, కారు తాళాన్ని పార్కింగులో ఉన్న కారు పైకప్పు మీదుగా అవతల నిలబడ్డ వాళ్లాయన చేతిలోకి విసరడం నేనే చూశాను.

చెప్పడానికి నాకు నోరు రాలేదు. దానికి కారణం ఉంది. మా ఆయన ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో ఆటల పీరియడ్ అంటే రికార్డులు రాసుకునే గంట. ఇంజినీరింగులో క్రికెట్ జట్టుకి మంచినీళ్లు మోశాడు. రెండేళ్ల క్రితం కెప్టెన్ అన్నయ్య చేతికి దొరికిన మనిషి మీదకి బంతి విసిరి "బావా, నువ్వే" అన్నప్పుడు, జీవితంలో మొదటిసారి మైదానంలో ఎవరో తనను ఎంచుకున్నారు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా అత్తగారితో "అమ్మా, నన్ను క్వార్టర్‌బ్యాక్ చేశారు" అన్నాడు. ఆవిడ చాలా సంతోషించి "అది మేనేజర్ కన్నా పెద్దదా?" అని అడిగింది. పెద్దదేనని చెప్పాడు. అలాంటి మనిషి పేరు పక్కన నా చేత్తో "బెంచ్" అని ఎలా రాయను?

నేను అసలే కంగారు మనిషిని. తొమ్మిది నెలల మా పాప తుమ్మితే మూడు వెబ్‌సైట్లు చదువుతాను. తుమ్మకపోతే నాలుగు. ఆ వారమంతా గిన్నెలు తోముతూ కూడా చెప్పాల్సిన మాటలు రిహార్సల్ చేసుకున్నాను. నాకు దిగులు లేని సంగతి ఒక్కటే ఉండేది. నెల రోజుల నుంచీ పాప రాత్రి పడుకుంటే తెల్లారేదాకా లేవడం లేదు. ఆ గర్వంతో వీధి తల్లుల వాట్సాప్ గ్రూపులో నాలుగు పేరాల సలహా రాశాను. గోరువెచ్చని స్నానం, పాదాలకు కొబ్బరినూనె, ఏడున్నరకి లైటు తగ్గించడం, తల్లి మనసు ప్రశాంతంగా ఉంచుకోవడం. చివరి సలహా నేను రాశానంటే నాకే ఇప్పుడు నవ్వొస్తుంది.

శనివారం వచ్చింది. పునుగులు వేడిగా ఉన్నాయి, గాలి చల్లగా ఉంది. కాగితం మీద అందరి పేర్లూ రాసి, క్వార్టర్‌బ్యాక్ దగ్గర ఖాళీ వదిలేశాను. పాప టోపీ వద్దని ఏడుపు అందుకుంది. అక్క ఎత్తుకున్నా ఆగలేదు. నా చేతులనిండా అల్లం పచ్చడి. కెప్టెన్ అన్నయ్య పాపని అందుకుని మా ఆయన చేతుల్లో పెట్టాడు.

పాప ఆయన కుడి భుజం మీద చెంప ఆనించింది. అంతే, ఏడుపు ఆగింది. ఆయన ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదకి మారుస్తూ, వీపు మీద రెండుసార్లు నెమ్మదిగా, ఒకసారి తేలిగ్గా తడుతున్నాడు. నిమిషంలో పాప నిద్రపోయింది. ఇంకో నిమిషంలో ఆయనా నిలబడే కళ్లు మూశాడు. ఊపు మాత్రం ఆగలేదు.

ఒక్కసారి ఎత్తుకుంటే వచ్చే ఊపు కాదది.

"ఇదెప్పుడు నేర్చుకున్నావ్?" అన్నాను.

"ఏది?" అని కళ్లు తెరిచాడు.

"అదే, ఆ ఊగడం."

దొరికిపోయిన మొహం పెట్టాడు. "ఒంటిగంటకోసారి, మూడున్నరకోసారి లేస్తుంది."

"ఎవరు?"

"మన పాపే. ఇంకెవరు?"

"రోజూనా?"

"ఆదివారాలు నాలుగింటికి."

"నాకు చెప్పలేదేం?"

"ఎన్ని నెలల తర్వాత పడుకున్నావ్ నువ్వు! గురక కూడా పెట్టావ్. లేపితే మళ్లీ ఆ వెబ్‌సైట్లన్నీ ఓపెన్ చేస్తావని..."

"నేను గ్రూపులో నాలుగు పేరాలు రాశాను!"

"చదివాను. బాగా రాశావ్."

వెనక అక్క పునుగు నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. "ఓయ్ చెల్లె! గా కొబ్బరినూనె ముచ్చట నేను హన్మకొండల మా మరదలికి పంపిన గదనే! పాపం పిల్ల గప్పటి సంది రుద్దుతనే ఉంది!"

నేను ఏడవాల్సింది. నవ్వొచ్చింది. గడ్డిలో కూర్చుని పచ్చడి చేతులతోనే కాగితం తీసుకున్నాను. క్వార్టర్‌బ్యాక్ దగ్గర అక్క పేరు రాశాను. ఆయన పేరు పక్కన బెంచ్ అని రాసి, ఆయనకే చూపించాను.

ఆయన చదివాడు. ఒక్క క్షణం మొహం చిన్నబోయింది. నా వారం రోజుల రిహార్సల్‌లో ఒక్క మాటా గుర్తు రాలేదు.

"బెంచ్ అంటే కూర్చోవచ్చా?" అన్నాడు.

"కూర్చోవచ్చు."

"కళ్లు మూసుకోవచ్చా?"

మడత కుర్చీలో కూలబడి, పాప మీద నా శాలువా కప్పుకునేసరికి ఆట ఇంకా మొదలవలేదు. ఆయన నోరు మాత్రం తెరుచుకుంది.

ఆ రోజు మా జట్టు మొత్తం గుసగుసల్లో ఆడింది. అక్క బంతి విసరడానికి ముందు కేకలకు బదులు వేళ్లు చూపించింది. కెప్టెన్ అన్నయ్య గీత దాటి స్కోరు చేసి, రెండు చేతులూ పైకెత్తి, అరుపు రాకుండా నోరు మూసుకుని గుండ్రంగా గెంతాడు. ఎదుటి జట్టు పెద్దాయన వచ్చి ఏమైందని అడిగాడు. కుర్చీ వైపు చూపించాం. ఆయన తలాడించి, వెళ్లి తనవాళ్ల చెవుల్లో చెప్పాడు. అప్పటి నుంచి వాళ్లూ మునివేళ్ల మీద పరిగెత్తారు. విజిల్ ఊదాల్సిన నేను నోటితో "ఫీ" అన్నాను. గెలిచాం. చప్పట్లు కొట్టకుండా గెలవడం ఎంత కష్టమో! నవ్వు ఆపుకోలేక ఇద్దరు పార్కింగులోకి పారిపోయారు.

ఆయన లేచి, చెంప మీది కుర్చీ గీతలు తడుముకుంటూ ముందు "గెలిచామా?" అని, తర్వాత నేల చూస్తూ "వచ్చే వారం కూడా బెంచేనా?" అని అడిగాడు. ఆ రెండో ప్రశ్నకే నేను వారమంతా భయపడింది.

"ఇక నుంచి ఒంటిగంట నాది, మూడున్నర నీది. ముందు ఆ చెయ్యి నిద్రపోనీ, తర్వాత చూద్దాం" అన్నాను.

చూశాం. ఈ శనివారం ఆయన గడ్డం గీసుకుని, కళ్ల కింద నలుపు పోయి, పెళ్లికొడుకులా మైదానానికి వచ్చాడు. టిఫిన్లు కెప్టెన్ అన్నయ్య వాళ్లవి. వదిన కాగితం మీద మళ్లీ ఆయన పేరే రాసింది. మొదటి బంతి అందుకున్నాడు. చెయ్యి వెనక్కి లాగాడు. నేను పాపని గట్టిగా పట్టుకున్నాను. విసిరాడు.

ఎదుటి జట్టువాడికి వెళ్లింది. ఈసారి అతను నిలబడే ఉన్నాడు.

అన్నయ్య దోసెల డబ్బా మూత సవరిస్తూ ఉండిపోయాడు. ముందుగా నవ్వింది మా ఆయనే. బంతి మళ్లీ మా వంతుకు వచ్చాక నేరుగా అక్క దగ్గరికి నడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"అక్కా, నిద్ర ఫుల్లుగా పోయాను. అయినా ఇంతే. నువ్వు విసురు, నేను పరిగెత్తుతా."

"గట్లనా తమ్మీ? అయితె ఉరుకు!"

ఉరికాడు. అక్క విసిరిన మొదటిది చేజార్చాడు, రెండోది మొహానికి తగిలింది. మూడోది రెండు చేతులతో, గుండెకి హత్తుకుని, పాపని పట్టుకున్నట్టే పట్టుకుని పరిగెత్తాడు. ఈసారి ఎవరూ గుసగుసలాడలేదు.

ఇప్పుడు ఒంటిగంట దాటింది. నా వంతు. పాప నా భుజం మీద ఉంది, ఒంటిచేత్తో ఇది రాస్తున్నాను. ఇందాక ఆయన సగం నిద్రలో తలెత్తి, "ఎన్ని గజాలు పరిగెత్తానంటావ్?" అన్నాడు. సాయంత్రం నుంచి ఇది ఆరోసారి.

ముప్పై అన్నాను. పది ఉంటుందేమో.