ఎస్తేరు బటన్

అవనిగడ్డ బస్టాండు వెనక సందులో ఉంటుంది సత్యవేదం కొట్టు. రొయ్యల చెరువులో మోటారు ఆగిపోతే ఇంట్లో ఉన్న రైతుకు బెల్లు కొట్టి చెప్పే పెట్టెలు తయారుచేస్తాడు. ఒక చిప్పు, ఒక బ్యాటరీ, వేలెడంత యాంటెన్నా. మధ్యలో వైరుతో పనిలేదు. మనిషి నోటివెంట మాట రావడం కష్టం గానీ, అతను బిగించిన పెట్టెను మళ్ళీ విప్పాల్సిన అవసరం పడేది కాదు.

భార్య ఎస్తేరు మంచాన పడ్డాక ఆమె కోసం ఒక బటన్ చేశాడు. ఇంట్లో ఆమె నొక్కితే కొట్లో బల్ల మీది బెల్లు మోగేది. ఎస్తేరు ఎప్పుడూ రెండుసార్లే నొక్కేది, టక్కు టక్కుమని. దాహమేసినా అంతే, ఊరికే మొగుణ్ణి చూడాలనిపించినా అంతే.

"ఒకసారి నొక్కితే సరిపోదూ?" అని విసుక్కునేవాడు.

"ఒక్కసారైతే మీరు పలకరు కదండీ" అనేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

ఆమె పోయినప్పుడు శవపేటికలో గుండెల మీద బైబిలు పెట్టారు. చెల్లెలు ఆ బటన్ కూడా తెచ్చి చేతిలో ఉంచింది. "ఇది లేకపోతే అక్కకి నిద్రపట్టదు బావా" అంది. సత్యవేదం కాదనలేకపోయాడు. బల్ల మీది బెల్లు తీసేయడానికీ అతనికి చేతులు రాలేదు.

సమాధి మట్టి ఇంకా ఆరకముందే, ఒక మధ్యాహ్నం ఆ బెల్లు మోగింది. రెండుసార్లు.

తడిమట్టి కిందనుంచి సిగ్నల్ రాదని అతనికి తెలుసు. అయినా నోరు దానంతటదే "వస్తున్నా" అంది. వెళ్ళి చూస్తే సమాధి మీద వేసిన బంతిపూలు వేసినట్టే ఉన్నాయి. భయమేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. ఆ సంతోషాన్ని చూసుకుని మళ్ళీ భయమేసింది.

మర్నాడు సామాన్ల కోసం బందరు వెళ్ళాలి. వెళ్ళలేదు. బెల్లు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొట్టుకొచ్చినవాళ్ళు పిలిచి పిలిచి పోయారు.

మోగింది. కానీ ఒక్కసారే, ఎడతెగకుండా, ఎవరో వేలు తీయడం మరిచిపోయినట్టు.

"ఇది ఎస్తేరు చెయ్యి కాదు" అన్నాడు పైకే.

అప్పుడు బుర్రలో వెలిగింది. ఒక్కో బటన్‌కు ఒక్కో నంబరు ఇస్తాడు, బెల్లు తన నంబరుకే పలుకుతుంది. ఎస్తేరుకు బాగా జబ్బు చేసిన రోజుల్లో నరేంద్ర అనే చెరువు రైతు, తల్లి సౌభాగ్యమ్మ కోసం ఇలాంటిదే చేయించుకున్నాడు. ఆ హడావుడిలో ఎస్తేరు ప్రోగ్రామే ఎక్కించి, నంబరు మార్చకుండా ఇచ్చేశాడు. అంటే ఇప్పుడు నొక్కుతున్నది బతికున్న మనిషి.

బండి తీసి కాలవ అవతల నరేంద్ర ఇంటికి దౌడు తీశాడు. సౌభాగ్యమ్మ దొడ్లో నూతి చప్టా పక్కన పడి ఉంది. తుంటి కదలడం లేదు, గొంతు పూర్తిగా ఎండిపోయింది. కొడుకూ కోడలూ పొద్దున్నే గుడివాడ వెళ్ళారు. వాళ్ళ బెల్లు ఎవరూ లేని చెరువు పాకలో మోగుతోంది.

ఆసుపత్రికి తీసుకెళ్తూ ఆటోలో అన్నాడు: "నిన్న కూడా పిలిచారు కదమ్మా. నేనే పొరబడ్డాను. క్షమించండి."

ఆవిడ అంత నొప్పిలోనూ అతనివైపు వింతగా చూసింది.

"నిన్నెందుకు నొక్కుతాను నాయనా? నిన్న అందరూ ఇంట్లోనే ఉన్నారు. ఇవాళ పడ్డాకే దాన్ని ముట్టుకున్నా."

సత్యవేదం మనసులో లెక్క కట్టుకున్నాడు. నిన్నటి ఆ రెండు మోతలు లేకపోతే తనీపాటికి బందరులో ఉండేవాడు. ఈవిడ నూతి దగ్గరే ఉండేది.

ఆ సాయంత్రం సౌభాగ్యమ్మ బటన్‌కూ, వాళ్ళ బెల్లుకూ కొత్త నంబరు ఎక్కించాడు. తర్వాత బెల్లు దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

"ఇకనుంచి ఒక్కసారి నొక్కినా పలుకుతాను ఎస్తేరూ" అన్నాడు.