ఎదురిల్లు

స్పానిష్ టౌన్‌లో స్కూలు యూనిఫారాలు కుట్టే పెట్రోనా, ఆదివారం చర్చి అయ్యాక చెల్లెలు వెల్మా కొత్త ఇంటికి భోజనానికి వెళుతుంది. వెళ్లగానే తుప్పు పట్టిందేమోనని వరండా గ్రిల్లుని బొటనవేలితో రుద్దుతుంది. తుప్పు అంటకపోతే ఆ పూట కొబ్బరిపాలన్నం సహించదు. వెల్మా ఇంటికి ఎదురుగా అమ్మకానికున్న ఇల్లే కొనాలని గృహరుణాల బ్రోకరు డాల్టన్‌ని పట్టుకుంది. తను కూడబెట్టిన చీటీ డబ్బుకి రుజువేదని బ్యాంకు కొర్రీ పెడితే, చీటీ నడిపే ముసలమ్మనే తీసుకెళ్లి సాక్ష్యం చెప్పించాడతను.

"అప్పు మంజూరైంది, మిస్ పెట్రోనా! కానీ ఊరి చివర ఇంకో ఇల్లుంది. దీనికన్నా పెద్దది, చవక. మామిడిచెట్టు కూడా ఉంది."

పెట్రోనా చేతిసంచీ టప్పున మూసింది.

"బాగానే ఉంది నాయనా. ఆ వరండాలో కూర్చుంటే మా వెల్మాకి కనపడతానా?"