వేసవి సెలవులకు ముందు తీర్పు

మా లేబర్ క్యాంప్ గదిలో నా పై మంచం వాడు, కాగితాల ప్రకారం, ప్రభుత్వ టీచరు. సెలెక్షన్ లిస్టులో పేరు కూడా వచ్చింది. ఎవరో హైకోర్టులో కేసు వేస్తే నియామకాలు ఆగిపోయాయి. తీర్పు వచ్చేదాకా ఖాళీగా ఉండటం ఎందుకని గల్ఫ్‌కు, ఈ అల్ రయ్యాన్‌కు వచ్చి, భవనాలకు పరంజా కట్టే స్కఫోల్డింగ్ పనిలో చేరాడు. పిల్లలకు పాఠాలు చెప్పాల్సిన చేతులతో ఏళ్ల తరబడి ఇనుప గొట్టాలు బిగిస్తున్నాడు.

ఏటా ఏప్రిల్ నెల రాగానే మా గదికి కోర్టు జ్వరం పట్టుకుంటుంది. వేసవి సెలవులకు ముందు జడ్జిలు పెద్ద తీర్పులన్నీ ఇచ్చేస్తారని మా నమ్మకం. పప్పు తాలింపు పెట్టేవాడు కూడా లా పాయింట్లు తీస్తాడు.

ఈసారి కోర్టు ఆఖరి పనిరోజున, సైట్‌లో టీ తాగుతుండగా లాయరు ఫోన్ చేశాడు. మావాడు విని, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"తీర్పు సెలవులైనంక ఇస్తరట."

"ఇన్నేండ్లు వాదనలు విన్నరు కదా, ఇంకా సెలవులెందుకు?" అన్నాను.

"ఆడ ఎండలు బాగ కొడ్తున్నయట."

మా పక్కనున్న గొట్టాన్ని గ్లౌజులు లేకుండా ముట్టుకుంటే చర్మం ఊడి వస్తుంది. హైదరాబాదీ ఫోర్‌మన్ అంతా విన్నాడు.

"జడ్జిసాబ్‌కు ఎండ పడదా? అచ్ఛా. యల్లా, టీచర్ సాబ్, పైకెక్కు."

మావాడు ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని, జడ్జిలు నీడపట్టున చల్లగా ఉండాలని మనసారా కోరుకున్నాను. వాళ్లకు వడదెబ్బ తగిలితే మళ్లీ అదొక వాయిదా.