టవరు మీద దానియేలు ఉండగా

నేను రిటైరవడానికి ముందు ఏడాది, నైరుతి గాలులు మొదలయ్యే రోజుల్లో నన్ను మధ్య అండమాన్ దీవిలోని రంగత్‌కు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను పోర్ట్ బ్లెయిర్‌లో వైర్‌లెస్ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరును. తుఫాను ఇటు తిరుగుతుందని తెలియగానే ఉత్తర్వు వచ్చింది. రంగత్‌లో ఉన్న అమెచ్యూర్ రేడియో స్టేషన్‌ను సిద్ధంగా ఉంచాలి, ఫోన్లు పోతే పోర్ట్ బ్లెయిర్‌తోను, అవతల మెయిన్‌ల్యాండ్‌తోను మాట తెగకుండా చూడాలి. నేను చేరిన మర్నాడే ఫోన్లు పోయాయి. ట్రంకు రోడ్డు మీద చెట్లు కూలాయి, బోట్లు జెట్టీ వదల్లేదు.

అమెచ్యూర్ రేడియో అంటే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, జీతం భత్యం లేకుండా ఇష్టంతో రేడియో నడిపేవాళ్ళ పని. రంగత్ స్టేషన్‌ను నడిపేది అప్పారావు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపలవాళ్ళ కుటుంబం. బజారులో బోటు ఇంజన్లు బాగుచేసే దుకాణం ఉండేది అతనికి. మనిషి నెమ్మది, మైకు ముందు కూర్చుంటే మాత్రం గొంతు మారిపోయేది. నాతో వచ్చిన టెక్నీషియన్ దానియేలు. మా చర్చివాడే, చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఎత్తు అంటే భయం లేదు, చెబితే వినే ఓపికా తక్కువే.

స్టేషన్ ఒక బడి గదిలో ఉండేది. పరికరాల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రేడియో ఒక్కటే. దాని వెనక యాంప్లిఫయర్లు రెండు. యాంప్లిఫయర్ అంటే రేడియో నుంచి వచ్చే సంకేతాన్ని బలం పెంచి యాంటెన్నాకు పంపే యంత్రం. పాత వాల్వుల యాంప్లిఫయర్ నలభై మీటర్ల బ్యాండ్‌కు, అంటే అంత పొడవున్న తరంగాలకు. దానికి బడి కప్పు నుంచి కొబ్బరి చెట్టుకు కట్టిన తీగ యాంటెన్నా. పగటిపూట పోర్ట్ బ్లెయిర్‌తో మాట్లాడటానికి అదే సరైనది. కొత్త యాంప్లిఫయర్ ఇరవై మీటర్ల బ్యాండ్‌కు. దాని యాంటెన్నా ఆవరణలోని ఇనుప టవరు చివర ఉండేది. చెన్నై, విశాఖ అందాలంటే అదే దిక్కు.

ఈ రెండింటి మధ్య ఒక చిన్న పెట్టె. రేడియోలో బ్యాండ్ మార్చినప్పుడు దాని వెనకనున్న ఒక సన్న తీగలో వోల్టేజీ మారుతుంది. ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో మెట్టు. ఆ వోల్టేజీని చూసి పెట్టె ఏ బ్యాండో గ్రహించి, లోపలి రిలేలను, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులను, టక్‌మని అటో ఇటో వేసి, ఆ బ్యాండ్‌కు చెందిన యాంప్లిఫయర్‌ను, యాంటెన్నాను కలుపుతుంది. నలభైలో ఉంటే పచ్చ దీపం, ఇరవైలో ఉంటే పసుపు దీపం. ఆపరేటరు నాబ్ తిప్పితే చాలు, తక్కినదంతా దానంతటదే జరిగిపోతుంది. అప్పారావుకు ఆ పెట్టె అంటే ప్రాణం. అంతకుముందు ప్రతిసారీ కేబుళ్ళు చేత్తో విప్పి మార్చేవాడట.

తుఫాను గాలికి టవరు మీది యాంటెన్నా ఒక పక్కకు వంగి, కేబుల్ అతుకు వదులైంది. మెయిన్‌ల్యాండ్ వినపడటం మానేసింది. గాలి తగ్గగానే ఎక్కి బిగిస్తానన్నాడు దానియేలు. మా విభాగంలో పాత నియమం ఒకటుంది. మనిషి టవరు ఎక్కేముందు ఆ యాంటెన్నా కేబుల్ పేచ్‌ను, అంటే మరల బిగింపును, కింద విప్పి, విప్పిన కొసను ఎదురుగా కనపడేలా పెట్టాలి. యాంటెన్నాను పట్టుకున్న చేతుల్లోకి ప్రసారం వెళితే చర్మం లోపల కాలుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ ఉలికిపాటుకు పట్టు వదిలేయడం. ఆ నియమం అప్పుడే ఇద్దరికీ చెప్పాను.

మర్నాడు ఉదయం అప్పారావు మేనకోడలు పద్మకు రంగత్ ఆస్పత్రిలో కాన్పైంది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి మాత్రం రక్తస్రావం ఆగడం లేదు. అక్కడి డాక్టరమ్మ చేయగలిగినంతా చేసి, ఇక పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే తన చేతుల్లో లేదని చెప్పింది. రోడ్డు లేదు, బోటు లేదు. నలభైలో పోర్ట్ బ్లెయిర్ స్టేషన్‌కు చెప్పాం. వాళ్ళు అధికారులతో మాట్లాడి హెలికాప్టర్ పంపడానికి ఒప్పించారు. షరతు ఒకటి. బయలుదేరే ముందు, సగం దారిలో, దిగబోయే ముందు రంగత్ మీద మబ్బు ఎంత, గాలి ఎంత అని మేం చెప్పాలి. అడిగినప్పుడు జవాబు రాకపోతే వాతావరణం పాడైందని లెక్క, హెలికాప్టర్ వెనక్కి తిరుగుతుంది.

పద్మ రక్తం గ్రూపు, డాక్టరమ్మ రాసిచ్చే వివరాలు తీసుకురావడానికి నేను ఆస్పత్రికి వెళ్ళాను. పద్మ కళ్ళు తెరిచే ఉంది, పెదాలు పాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి, "మావయ్య మాటాడేడా" అని అడిగింది. మాట్లాడాడు, వస్తోంది అన్నాను. వస్తుందో రాదో నాకు తెలియదు.

తిరిగి వచ్చేసరికి గాలి కాస్త నెమ్మదించింది. ఆవరణలోకి అడుగు పెడుతూ తల ఎత్తితే టవరు చివర దానియేలు కనిపించాడు. బెల్టుతో కట్టుకుని, రెండు చేతులతో యాంటెన్నా గొట్టాన్ని పట్టుకుని లాగుతున్నాడు.

గదిలోకి వెళ్ళి అప్పారావును అడిగాను, కేబుల్ విప్పారా అని.

"పేచ్ జామ్ అయిపోనాది మేడమ్, ఉప్పు పట్టేసి. దానియేలు భయ్యా చానా తిప్పేడు, రానేదు. గాలి మళ్ళీ లేస్తాదని ఎక్కేసేడు. పర్వానేదు, మనం ఫార్టీలోనే ఉన్నాం కదా. పెట్టె అటు పోనివ్వదు."

పచ్చ దీపం వెలుగుతోంది. రేడియో నలభైలోనే ఉంది. అతను చెప్పింది తప్పనడానికి నా దగ్గర ఆధారం లేదు. అయినా టవరు కేబుల్ ఇంకా తగిలించే ఉంది. హెలికాప్టర్ సంగతి అడిగాను. బయలుదేరింది, మొదటి జవాబు తానే ఇచ్చానన్నాడు. మధ్యలో మీ మాట మునిగిపోతోందని పోర్ట్ బ్లెయిర్ వాళ్ళు అన్నారట, గట్టిగా అరిచి మళ్ళీ చెప్పాడట. ఉరుములకు అలా అవుతుందిలే అనుకున్నాడు.

దానియేలును దించుదామని గుమ్మం వైపు తిరిగాను. అంతలో పోర్ట్ బ్లెయిర్ పిలిచింది. హెలికాప్టర్ సగం దారి దాటింది, రంగత్ పరిస్థితి చెప్పండి. అప్పారావు మైకు బటన్ నొక్కాడు. బల్ల మీద పెట్టె టక్‌మంది.

నాబ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. పచ్చ దీపం ఆరి పసుపు దీపం వెలిగింది.

నేను అతని మణికట్టు పట్టుకుని మైకు మీది నుంచి లాగేశాను. బటన్ వదలగానే మళ్ళీ టక్‌మంది, పచ్చ దీపం వచ్చేసింది. అప్పుడర్థమైంది. వింటున్నంతసేపూ సరిగ్గానే కనిపిస్తుంది. మాట్లాడిన క్షణంలోనే పెట్టె పొరపడి, మన ప్రసారాన్ని టవరు మీదికి పంపుతోంది.

"నేనేటీ తిప్పనేదు మేడమ్," అన్నాడు అప్పారావు.

"తెలుసు. మైకు ముట్టుకోకండి."

పోర్ట్ బ్లెయిర్ మళ్ళీ పిలిచింది. అప్పారావు చేయి మైకు వైపు వెళ్ళి ఆగింది. "మేడమ్, జవాబియ్యకపోతే ఎనక్కెళిపోతారు. పద్మ..." అని ఆగిపోయాడు. ఇద్దరం కిటికీలోంచి పైకే చూశాం.

బయటికి పరుగెత్తి కేకేశాను. జనరేటరు మోతలో, గాలిలో అతనికి వినపడలేదు. వినపడినా అంత ఎత్తు నుంచి దిగడానికి పట్టే సమయం మాకు లేదు. లోపలికి వచ్చి టవరు కేబుల్ పేచ్ పట్టుకుని తిప్పాను. కదల్లేదు. పట్టకారు దానియేలు నడుముకే ఉంది. పెట్టెకు కరెంటు తీసేద్దామా అనుకున్నాను. కరెంటు పోతే రిలేలు ఏ వైపున నిలుస్తాయి? ఆ పెట్టెను తయారుచేసింది నేను కాదు. తెలియని దాని మీద మనిషిని నిలబెట్టలేను.

మూడోసారి పిలుస్తున్నారు. ఆ గొంతులో తొందర తెలుస్తోంది. మరొక్కసారి పిలిచి, జవాబు లేదని రాసుకుంటారు.

పెట్టెను, రెండు యాంప్లిఫయర్లనూ వదిలేయడమే మార్గమని తోచింది. రేడియో వెనక నుంచి ప్రసారం బయటికి వచ్చే కేబుల్ ఒక్కటే. దాన్ని పీకేస్తే ప్రసారం ఏ దారినా టవరు చేరదు. తీగ యాంటెన్నా కేబుల్‌ను విప్పి నేరుగా రేడియోకు తగిలిస్తే మాట్లాడవచ్చు. బలం మాత్రం యాంప్లిఫయర్ ఇచ్చేదానిలో చిన్న వంతే. ఆ ఉరుముల గరగరలో వినపడుతుందో లేదో దేవుడికే తెలియాలి. తీగ యాంటెన్నా పేచ్ నేను వచ్చిన రోజే కొత్తది వేసి వాజలిన్ రాశాను. అది వేళ్ళతోనే వచ్చింది. రేడియో వెనక పేచ్ కూడా వచ్చింది. బిగించేటప్పుడు తొందరలో మరలు రెండుసార్లు అడ్డంగా పడ్డాయి. అప్పారావు నా చేతుల మీదుగా చేయి వేసి కేబుల్‌ను నిటారుగా పట్టుకున్నాడు. అప్పుడు పడింది.

"ఇప్పుడు మాట్లాడండి. నెమ్మదిగా, ఒక్కో మాట."

అతను బటన్ నొక్కాడు. నేను కిటికీలోంచి దానియేలు చేతులనే చూస్తున్నాను. కదల్లేదు, మామూలుగానే పని చేసుకుంటున్నాడు. అప్పారావు మబ్బు ఎత్తు, గాలి వైపు, గాలి వేగం చెప్పి, అదే మళ్ళీ చెప్పి, బటన్ వదిలాడు.

గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ గరగర. అప్పారావు నుదుటి చెమట మోచేతితో తుడుచుకుని మూడోసారి మొదలుపెట్టాడు. ఈసారి వాక్యాలు మానేసి, మబ్బు, గాలి, దిగవచ్చు అని విడి మాటలుగా పలికాడు. బటన్ వదిలాక ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు జవాబు వచ్చింది. మీ మాట చాలా బలహీనంగా ఉంది, దిగవచ్చు అన్న మాట అందింది, అవునా అని. అవును అన్నాడు. అవును అని మూడుసార్లు అన్నాడు.

దిగబోయే ముందు ఇవ్వాల్సిన జవాబు కూడా అలాగే ఇచ్చాం. ఆ రెండింటి మధ్య దానియేలు కిందికి దిగాడు. కుడిచేతి రెండు వేళ్ళ మీద తెల్లటి చిన్న మచ్చలున్నాయి. ఏమైందని అడిగాను.

"ఇందాక ఒకసారి కందిరీగ కుట్టినట్టయింది మేడమ్. చెయ్యి తీసేశా. బెల్టు ఉంది గనక ఠీక్ హై. పైన కందిరీగలేంటా అనుకున్నా."

అది అప్పారావు మొదటి జవాబు ఇచ్చిన సమయం. అంటే నేను ఆస్పత్రిలో ఉండగానే పెట్టె ఒకసారి దారి తప్పింది. కొత్త యాంప్లిఫయర్ తనది కాని బ్యాండ్ వచ్చేసరికి రక్షణ కోసం ఆగిపోయి పక్కకు తప్పుకుంది. రేడియో సొంత బలం ఒక్కటే దాని గుండా పైకి వెళ్ళింది. అది ఆగకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో దానియేలుకు ఆ రోజు చెప్పలేదు. అప్పారావుకు చెప్పనక్కర్లేకపోయింది. అతను ఆ వేళ్ళను తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

హెలికాప్టర్ మైదానంలో దిగి, పద్మను ఎక్కించుకుని, మబ్బు మళ్ళీ దిగకముందే లేచింది. ఆమె బతికిందన్న కబురు రెండో రోజు అదే నలభైలో వచ్చింది. అప్పారావు ఆ కబురు విని రిసీవ్డ్ అన్నాడు, మైకు నాకిచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

పెట్టె విప్పి చూశాను. రేడియో నుంచి వచ్చే సన్న తీగ కనెక్టరులో పచ్చటి చిలుము. ఈ దీవుల్లో రాగి ఏదీ నిలవదు, ఉప్పుగాలి తినేస్తుంది. తడికి వోల్టేజీ కొంత కారిపోయి, నలభై మెట్టు నుంచి జారి ఇరవై మెట్టు అంచుకు చేరింది. మైకు నొక్కినప్పుడు తుప్పు పట్టిన ఎర్తు తీగ వల్ల ఇంకాస్త తగ్గి ఆ అంచు దాటేది. పెట్టె తనకు అందినదాన్ని సరిగ్గానే చదివింది. అందింది తప్పు.

నా నివేదిక చూసిన పై అధికారి మంచి కనెక్టరు వేస్తే సరిపోతుందని రాశారు. కనెక్టరు మార్చాం, కానీ అక్కడితో ఆగడానికి నేను ఒప్పుకోలేదు. వోల్టేజీ రెండు మెట్ల మధ్య ఉంటే పెట్టె ఏ యాంప్లిఫయర్‌నూ కలపకూడదని, ప్రసారం జరుగుతుండగా రిలేలు కదలకూడదని సర్క్యూట్ మార్పించాను. టవరు కేబుల్‌కు గది బయట, చేత్తో పీకేసే జోడింపు పెట్టించాను. కేబుల్ ఊడిరాకపోతే టవరు ఎక్కడం లేదు, ఎంత అవసరమైనా.

బ్యాండ్‌ను బట్టి యాంప్లిఫయర్‌ను ఎంచుకునే పెట్టె మంచి పరికరం. ఆపరేటరు శ్రమ తగ్గిస్తుంది, యంత్రాలను కాపాడుతుంది. యాంటెన్నా మీద మనిషి ఉన్నప్పుడు మాత్రం దీపం రంగు చూసి భద్రత నిర్ణయించకూడదు. ఆ పనికి కంటికి కనపడేలా విప్పిన కేబుల్ ఒక్కటే సాక్ష్యం. ఆ తర్వాత నేను శిక్షణ ఇచ్చిన ప్రతి బ్యాచ్‌కూ ఇదే చెప్పాను.