రేడియోకు దక్కిన పన్నెండో ఫోటో

ఆ రోజుల్లో ఇంట్లో రేడియో అంటే కొత్త కోడలితో సమానం, ముసుగు లేకుండా ఉండేది కాదు. ఆళ్లగడ్డలో మా రేడియోకు అమ్మ తెల్లగుడ్డ మీద రెండు చిలకలు కుట్టి కప్పింది (ఎడమ చిలకకు కంట్లో ఒక కుట్టు తక్కువ, ఆ మాట చెప్పినందుకు నాకు ఒక దెబ్బ). ఆ ముసుగు ఎత్తే హక్కు నాయన ఒక్కడిదే, అదీ రోజుకు రెండుసార్లు, వార్తలకు. నాకు వార్తలతో పనిలేదు. భుజాలు గుండ్రంగా తిరిగిన నున్నటి కొయ్య పెట్టె, దంతం రంగు గుండీలు రెండు, ఊళ్ల పేర్లు రాసిన గాజు పలక, దాని వెనక పసుపు దీపం. అంత అందంగా చేసినవాడు దాన్ని చిలకల కింద దాచమని మాత్రం చేసి ఉండడు.

నాకు పదిహేడేళ్లప్పుడు, నంద్యాలలో ఫోటోల అంగడి ఉన్న మా మామ ఒక పెట్టె కెమెరా ఇచ్చి, ఇంట్లోవాళ్లను ఫోటోలు తీసుకురమ్మన్నాడు. "పన్నెండే పడతాయి మే. పదమూడోది కావాలంటే నువ్వే గీసుకోవాల" అన్నాడు. నేను పేర్లు వరసగా రాసుకున్నాను. పన్నెండోది నాయనది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా జేజి, అంటే నాయన తల్లి, ఆయన్ను అంతవరకు ఏ కెమెరా ముందూ నిలబడనివ్వలేదు. పదకొండూ అయిపోయి ఆయనదొక్కటే మిగిలిన బేస్తవారం మాత్రం జేజి ఊళ్లో లేదు. "సరే, దిగుతా. నీళ్లు పోసుకోనొస్తా ఉండు" అన్నాడు నాయన.

పోతూ పోతూ రేడియో దగ్గర ఆగి గుడ్డ ఎత్తాడు. అప్పుడే కిటికీలోంచి ఎండ వచ్చి ఆ గాజు పలక మీద పడింది.

"నాయనా, గుడ్డ అట్లే పట్టుకో!"

"రేడియోకు ఫోటో ఏందే? సంబంధం చూస్తాండావా దానికి?" అంది అమ్మ వంటింట్లోంచి.

నాయన నవ్వుతూ పట్టుకున్నాడు. నేను నొక్కాను. జేజి మాట దాటి నాయన ఎట్లాగూ దిగడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పావుగంటలో ఆయన కొత్త చొక్కా వేసుకుని, తలకు రుమాలు చుట్టుకుని వచ్చి గోడకు ఆని నిలబడ్డాడు. "మీసం పడాల, చూడు."

"పడతాది నాయనా."

పన్నెండూ అయిపోయిన ఉత్త కెమెరా నొక్కాను. నా జన్మలో తప్పు లెక్క చెప్పింది ఆ ఒక్కసారే. నొక్కిన వెంటనే రీలు తిప్పాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి పడుతుందని మామ నేర్పాడు. రేడియోను తీయగానే నేను తిప్పేశాను. మరచిపోయి ఉంటే రేడియో మీద నాయన నీడలాగా అయినా పడేవాడు. నేను ఏదీ మరవను, అదే నా ఖర్మ.

ఫోటోలు వచ్చాక నాయన రెండుసార్లు తిరగేశాడు. "నాది యాడ?"

"వెలుతురు తగిలి పాడయింది నాయనా."

"పోనీలే. రేడియో బాగా పడిండాది. ఇంకోసారి తీద్దువు."

ఆ ఇంకోసారి రాలేదు. నాలుగు నెలల పదకొండు రోజులకు నాయన పోయాడు (ఫోటో దిగకుండానే. ఈ లెక్క జేజికి ఎవరూ చెప్పలేదు). దినం నాడు పీట మీద పటానికి బదులు ఆయన రుమాలు పెట్టారు. మా ఇంట్లో రేడియోకు ఫోటో ఉంది, యజమానికి లేదు.

ఇప్పుడు నంద్యాలలో మా మనవరాలు పాత రేడియోలు, ఫోన్లు, ఇస్త్రీపెట్టెలు వెదికి మరీ ఫోటోలు తీస్తుంది. మొన్న నా పెట్టెలో దొరికిన ఈ ఫోటోను ఫోన్‌లోకి ఎక్కించుకుంది. "అబ్బ, ఏం డిజైను అవ్వా ఇది! మూలన ఎవరిదో చెయ్యి అడ్డమొచ్చింది. కత్తిరించేస్తా."

"కత్తిరిస్తే నీ చెయ్యి ఇరగ్గొడతా."

"ఎవరిదవ్వా?"

"మా నాయనది. గుడ్డ పట్టుకోనుండాడు."

అది ఫోన్‌లో ఆ చేతిని పెద్దది చేసి చాలాసేపు చూసింది. దాన్ని తిట్టే అర్హత నాకు లేదు. ఈ ఫోటో నంద్యాల నుంచి వచ్చిన రోజు, రేడియో అందం చెడగొట్టిందని ఆ చేతిని తీసేయడానికి పదిహేడేళ్ల పిల్ల ఒకతి ఇల్లంతా కత్తెర వెదికింది. దొరకలేదు. కత్తెర అమ్మ దగ్గర ఉంది, ఎడమ చిలక కన్ను సరిచేస్తోంది.